కారుకు బ్రేకు నేర్పిన ఇల్లాలు

ఆడపిల్ల పుడితే మొహం ముడుచుకోవడం ఒక్క మన దేశపు అలవాటేమీ కాదు. జర్మనీలో ఫోర్జ్‌హైమ్ అని ఒక ఊరుంది. బంగారు నగల పనికి పేరుపడ్డ ఊరు. 1849 మే 3న అక్కడి రింగర్ గారింట్లో మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. ఇంట్లో పుట్టినవాళ్ళ వివరాలు రాసుకునే బైబిల్లో, అయ్యో ఈసారీ ఆడపిల్లే అన్న అర్థం వచ్చే మాట ఎక్కిందని చెబుతారు. ఆ పిల్ల కాస్త పెద్దదై, చదవడం వచ్చాక ఆ మాట తన కళ్ళతోనే చూసుకుందట. చూసి ఏడుస్తూ కూర్చునే రకం కాదని మాత్రం తర్వాత ఆమె నడిచిన దారి చెబుతుంది. ఆ పిల్ల పేరు బెర్తా.

బెంజ్ కారు పేరు వినని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. సినిమా తారలు, మంత్రులు దిగే కారుగానే మనకు తెలుసు. ఆ పేరు వెనక ఉన్న ఆయన కార్ల్ బెంజ్ అని కూడా కొందరికి తెలుసు. ఆయన భార్య బెర్తా గురించి మాత్రం, మొగుడికి చెప్పకుండా కారేసుకుని పుట్టింటికి వెళ్ళిన గడుసు పెళ్ళాంగా ఒక సరదా కథ చెప్పి వదిలేస్తారు. నాకు ఆ సరదా కథ కంటే అందులో ఒక మూలన ఉన్న చిన్న తోలుముక్క ఎక్కువ నచ్చింది. దాని కోసమే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

బెర్తా తండ్రి వడ్రంగం, ఇళ్ళ కట్టుబడి పనుల్లో బాగా సంపాదించినవాడు. కూతుర్ని ఆడపిల్లల బడికి పంపి చదివించాడు. యంత్రాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని ఆమెకు చిన్నప్పట్నుంచీ ఆసక్తి. కానీ ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కే వీలే లేదు. 1869లో ఒక విహారయాత్రలో కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. అతనిది కలిగిన కుటుంబం కాదు. తండ్రి రైలింజను డ్రైవరు. కార్ల్‌కి రెండేళ్ళయినా నిండకముందే పోయాడు. తల్లి నానా కష్టాలూ పడి కొడుకుని కార్ల్స్‌రూహెలో ఇంజనీరింగు చదివించింది. ఈ కుర్రాడి దగ్గర డబ్బు లేదు, తలనిండా ఆలోచనలు మాత్రం ఉన్నాయి. గుర్రం అక్కర్లేకుండా తనంతట తానే నడిచే బండి చెయ్యాలన్నది అతని పిచ్చి. ఆ పిచ్చి బెర్తాకు పిచ్చిగా అనిపించలేదు.

1871లో కార్ల్ మాన్‌హైమ్ అనే ఊళ్ళో ఒక భాగస్వామితో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ఆ భాగస్వామితో కొద్దిరోజులకే పొసగలేదు. అతనికివ్వాల్సింది ఇచ్చేసి పంపితే తప్ప వర్క్‌షాపు నిలబడదు. ఇచ్చేందుకు కార్ల్ చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పటికి వాళ్ళకింకా పెళ్ళి కాలేదు, నిశ్చయమైందంతే. బెర్తా తన పెళ్ళికి ఇవ్వాల్సిన కట్నం డబ్బు ముందుగానే ఇమ్మని తండ్రిని అడిగి తీసుకుంది. ఆ డబ్బుతోనే భాగస్వామి వాటా కొనేశారు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. పెళ్ళి కాకముందే, నడుస్తుందో నడవదో తెలియని వ్యాపారంలో ఒక ఆడపిల్ల తన కట్నమంతా పెట్టింది. రేపేదైనా తేడా వస్తే అటు పెళ్ళీ లేదు, ఇటు డబ్బూ లేదు. మన ఇళ్ళల్లో ఎవరైనా ఇలా చేస్తానంటే ఎన్ని నోళ్ళు లేస్తాయో చెప్పక్కర్లేదు. 1872 జులై 20న వాళ్ళ పెళ్ళి జరిగింది. పెళ్ళయిన మరుక్షణం నుంచి, ఆనాటి పద్ధతి ప్రకారం, భార్య సొమ్ము మీద పెత్తనం భర్తది. అంటే వర్క్‌షాపు నిలబడింది ఆమె డబ్బు మీద, కాగితాల మీద మాత్రం ఆమె ఎక్కడా లేదు. 1886 జనవరి 29న దాఖలైన, 37435 నెంబరుగల, ప్రపంచమంతా మొదటి మోటారుకారుకు జన్మపత్రికలా చెప్పుకునే పేటెంటు కాగితంలోనూ ఉన్నది కార్ల్ బెంజ్ పేరొక్కటే.

పెళ్ళికీ ఆ పేటెంటుకీ మధ్య పధ్నాలుగేళ్ళు గడిచాయి. ఆ పధ్నాలుగేళ్ళూ ఆ ఇల్లు ఎలా గడిచిందో ఇల్లు నడిపేవాళ్ళకి విడిగా చెప్పాలా? 1873లో పెద్దబ్బాయి ఓయ్‌గెన్, 1874లో రెండోవాడు రిచర్డ్, 1877లో క్లారా, 1882లో టిల్డే పుట్టారు. దేశంలో వ్యాపారాలు దెబ్బతిన్న కాలం అది. అప్పుల బాధ, నలుగురు పిల్లలు, రేపేమిటో తెలియని సంసారం. అయినా 1879 డిసెంబరు 31 రాత్రి, ఊరంతా కొత్త సంవత్సరం కోసం ఎదురుచూస్తుంటే, ఎన్నిసార్లు తిప్పినా మొరాయిస్తున్న ఇంజనును ఇంకొక్కసారి చూద్దామని భోజనాలయ్యాక భర్తను వర్క్‌షాపుకు బయల్దేరదీసింది బెర్తానే. ఆ రాత్రి ఇంజను ఆడింది. ఇద్దరూ దాని చప్పుడు వింటూ నిలబడిపోయారు. కాసేపటికి ఊళ్ళో చర్చి గంటలు మోగాయి. ఈ సంగతి కార్ల్ బెంజ్ తర్వాత తన జీవితచరిత్రలో రాసుకున్నాడు. కష్టకాలంలో తన పక్కన నిలిచిన మనిషి భార్య ఒక్కతేనని కూడా అందులో ఒప్పుకున్నాడు.

సరే, బండి తయారైంది. మూడు చక్రాల బండి. వెనక ఇంజను, ముందు ఒకే చక్రం, దాన్ని తిప్పడానికి ఒక చేతిపిడి. మొదట్లో దాన్ని తిన్నగా నడపడం చేతకాక ప్రహరీగోడకు గుద్దేశారు కూడా. 1886 జులై 3న మాన్‌హైమ్ వీధుల్లో జనం ముందు నడిపారు. పత్రికలో కూడా రాశారు. కానీ కొనేవాళ్ళేరీ? గుర్రం తిండి తింటుంది, మాట వింటుంది. ఈ పొగబండి ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ పేలిపోతుందో ఎవరికెరుక? కార్ల్ పనితనం గొప్పదే గానీ, మనిషి ఒట్టి బిడియస్థుడు. ఇంకా ఏదో సరిచేయాలి, ఇంకా ఏదో మిగిలింది అంటూ బండిని వర్క్‌షాపు దాటనిచ్చేవాడు కాదు. నాలుగు వీధులు తిరిగి ఇంటికొచ్చే బండి మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది?

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున కార్ల్ నిద్ర లేవకముందే బెర్తా, పదిహేనేళ్ళ ఓయ్‌గెన్, పదమూడేళ్ళ రిచర్డ్ కలిసి బండిని బయటికి తీశారు. ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లిని చూడ్డానికి ప్రయాణం. పుట్టింటికి వెళ్ళడానికి కారణం వెతుక్కోవాలా అనుకుంటారేమో గానీ, అసలు సంగతి అది కాదు. పోను దాదాపు 104 కిలోమీటర్ల దూరం. అంతదూరం మోటారుబండి మీద అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. గంటకు పదిహేను, పదహారు కిలోమీటర్లకు మించని వేగం. కంకర రోడ్లు, గుర్రపుబండ్ల గాడులు. దారిలో పెట్రోలు బంకు ఉండదు, మెకానిక్కు ఉండడు. ఎందుకంటే ప్రపంచంలో అప్పటికి ఆ రెండూ పుట్టలేదు.

దారిలో జరిగినవన్నీ ఆ కుటుంబంవాళ్ళు తర్వాత చెప్పగా మనకు తెలిసినవి. ఇంధనం అయిపోవస్తే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందులషాపు ముందు ఆపారు. బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవమే ఆ బండికి ఇంధనం. షాపులో ఉన్నది కొన్నారు. ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అదేనని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఇంజను వేడెక్కకుండా పోసిన నీళ్ళు ఆవిరైపోతుంటాయి, కనక ఎక్కడ నీళ్ళు కనబడితే అక్కడ ఆపి పోసుకోవాలి. ఇంధనం గొట్టంలో చెత్త అడ్డుపడితే తన టోపీకి గుచ్చుకున్న పొడవాటి పిన్ను తీసి పొడిచి శుభ్రం చేసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే, మేజోళ్ళు జారకుండా కాలికి కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. గొలుసు సాగిపోతే బ్రూక్సాల్‌లో ఒక కమ్మరి చేత బాగు చేయించింది. ఎత్తు వచ్చిన చోటల్లా ఇంజను ఉసూరుమంటే దిగి నెట్టాల్సి వచ్చింది.

ఎత్తులో నెట్టుకుంటూ పోవచ్చు. పల్లంలో ఏం చేస్తారు? నా మటుకు నాకు ఈ కథలో అసలు ఘట్టం ఇదే.

ఆ బండికి బ్రేకు అంటే ఒక చేతిపిడి, దాన్ని లాగితే వచ్చి ఒత్తుకునే చెక్కదిమ్మ. గుర్రపుబండ్లకు ఉండే ఏర్పాటే. గుర్రపుబండికి అది చాలు, ఎందుకంటే సగం బ్రేకు గుర్రమే. కళ్ళెం లాగితే అది నిలబడుతుంది. ఈ బండికి గుర్రం లేదు. బండి బరువు, ముగ్గురు మనుషుల బరువు కలిసి కొండవాలున దొర్లుతుంటే ఆపాల్సింది ఆ చెక్కముక్కొక్కటే. చెక్క ఒరుసుకుంటున్నకొద్దీ వేడెక్కుతుంది, నున్నబడుతుంది, అరిగిపోతుంది. నున్నబడ్డ చెక్కకు పట్టుండదు. పిడి ఎంత లాగినా బండి జారుతూనే ఉంటుంది. ఇద్దరు పిల్లలు పక్కనున్న తల్లికి అప్పుడు గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో నేను ఊహించుకోగలను.

బెర్తా దారిలో ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగింది. ఆ చెక్కదిమ్మల మీద తోలు పరిచి మేకులు కొట్టించింది. అంతే. చూడ్డానికి చిన్న పని. కానీ ఆలోచిస్తే ఎంత లెక్క ఉందో చూడండి. తోలు మెత్తగా ఉండి, ఒత్తుకున్నప్పుడు గట్టిగా పట్టుకుంటుంది. అరిగితే తోలు అరుగుతుంది, కింద చెక్క భద్రంగా ఉంటుంది. తోలు అరిగిపోయాక అది పీకేసి మరోటి కొట్టించుకోవచ్చు. అసలు వస్తువు పాడవకుండా, మార్చుకోవడానికి వీలైన ఒక పొరను దాని మీద వేయడం. పాతబడితే చిమ్నీ మార్చకుండా వత్తి మార్చుకున్నట్టు, కుక్కరు మార్చకుండా గాస్కెట్టు మార్చుకున్నట్టు. ఇవాళ మెకానిక్కులు బ్రేకు లైనింగు అని పిలిచేది సరిగ్గా దీన్నే. ప్రపంచంలో మొదటి మోటారుకారు బ్రేకు లైనింగు అదేనని ఆ వాహనాల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

చీకటి పడే వేళకి ఫోర్జ్‌హైమ్ చేరారు. క్షేమంగా చేరామని భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. కొన్నాళ్ళుండి వేరే దారిన వెనక్కి వచ్చారు. వచ్చాక కూడా ఊరుకోలేదు. ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది. నాలుగు వీధుల్లో తిప్పినంతకాలం బయటపడని లోపాలన్నీ ఒక్క ప్రయాణంతో బయటపడ్డాయి. ఇవాళ కంపెనీలు కొత్త కారును అమ్మే ముందు వేల కిలోమీటర్లు తిప్పి చూస్తాయి. ఆ పని మొట్టమొదట చేసింది జీతం లేని, హోదా లేని ఒక ఇల్లాలు.

ఆ ఏడాదే మ్యూనిక్ ప్రదర్శనలో బెంజ్ బండికి బంగారు పతకం వచ్చింది. తర్వాతి ఏళ్ళలో ఫ్రాన్స్‌లో కొనేవాళ్ళు దొరికారు. 1893లో నాలుగు చక్రాల విక్టోరియా, 1894లో చిన్నబండి వేలో వచ్చాయి. ముందు రెండు చక్రాలూ దేనికది దాని ఇరుసుమీద తిరిగేలా చేసిన స్టీరింగుకు కార్ల్ పేటెంటు తీసుకున్నది కూడా 1893లోనే. 1899 నాటికి ఏడాదికి 572 బండ్లు చేసే కంపెనీ అయింది. ఒకప్పుడు బెర్తా కట్నం డబ్బుతో గండం గడిచిన వర్క్‌షాపే అది.

ఆ తోలుముక్క తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకుల మీద పని మొదలుపెట్టాడు. గుర్రపుబండ్ల చక్రాలకు చెక్కదిమ్మల బదులు మరింత పట్టుండే దిమ్మలు తయారుచేశాడు. ఆయన పెట్టిన ఫెరోడో కంపెనీ పేరు, తన ఇంటిపేరులో అక్షరాలకు భార్య ఎలిజబెత్ పేరులో మొదటి అక్షరం కలిపి పేర్చినదని చెబుతారు. పోన్లెండి, ఆ ఇల్లాలికి ఒక్క అక్షరమైనా దక్కింది. తర్వాత తోలు పోయి ఆస్‌బెస్టాస్ వచ్చింది. అది ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక దాన్నీ చాలా దేశాలు వదిలేశాయి. వెనక చక్రాలకే ఉండే బ్రేకులు 1920ల్లో ముందు చక్రాలకూ వచ్చాయి. కాలితో తొక్కిన బలాన్ని తీగలతో లాగే బదులు నూనెతో చక్రాలకు అందించే పద్ధతి వచ్చింది.

ముందు చక్రాల సంగతి కాస్త వివరంగా చెబుతాను. బస్సు సడెన్‌గా ఆగితే మనమంతా ముందుకు తూలుతాం కదా. బండి బరువు కూడా అలాగే ముందుకు తూలుతుంది. అందుకని ఆపే పనిలో ఎక్కువ భారం ముందు చక్రాలదే. పాతకాలపు బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులుండేవి. చక్రంతోపాటు తిరిగే ఒక మూతలేని గిన్నె, దాని లోపల రెండు లైనింగు ముక్కలు. తొక్కితే అవి బయటికి విచ్చుకుని గిన్నె గోడకు ఒత్తుకుంటాయి. ఘాట్ రోడ్డులో పదేపదే తొక్కితే ఆ గిన్నెలో వేడి బయటికి పోక బ్రేకు పట్టు తప్పుతుంది. డిస్కు బ్రేకులో గిన్నె బదులు పళ్ళెం ఉంటుంది. పట్టకారుతో పళ్ళేన్ని రెండువైపులా పట్టుకున్నట్టు ప్యాడ్లు పట్టుకుంటాయి. గాలి తగిలి వేడి తొందరగా పోతుంది, తడిసినా తిరిగేటప్పుడు నీళ్ళు విదిలించుకుపోతాయి. 1953లో ఫ్రాన్స్‌లోని లె మాన్ పందెంలో ఇరవైనాలుగు గంటలూ పరుగెత్తి జాగ్వార్ కారు గెలిచాక డిస్కు బ్రేకు సత్తా అందరికీ తెలిసింది.

అమెరికాలో యాభై అరవై ఏళ్ళనాటి పికప్ ట్రక్కులంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. రైతులు గడ్డిమోపులు, పాలక్యాన్లు వేసుకు తిరిగిన బండ్లవి. తాతలనాటి బండిని పారేయబుద్ధి కాక బాగుచేసుకుంటారు. వాళ్ళలో తెలివైనవాళ్ళు పెద్ద ఇంజను జోలికి పోకుండా మొదట ముందు చక్రాల కింద ఉన్న సరంజామా మారుస్తారు. ఆ కాలపు బండ్లలో చాలావాటికి రెండు ముందు చక్రాలకూ కలిపి ఒకే ఇనుప ఇరుసు, కింద కమాను కట్టలు. ఒక చక్రం గుంటలో పడితే రెండోదీ ఊగుతుంది. దాని బదులు ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఎగిరి దిగే స్ప్రింగులు వేస్తారు. డ్రమ్ములు తీసి డిస్కులు బిగిస్తారు. షెవర్లే కంపెనీ పికప్‌లకు ముందు డిస్కు బ్రేకులు 1971 నుంచి మామూలుగానే వచ్చాయి. అంతకుముందువాటికి ఇలా పెట్టించుకోవాల్సిందే. చక్రం రోడ్డును వదలకుండా పట్టుకుని ఉంటేనే బ్రేకు పనిచేస్తుంది, కనక స్ప్రింగూ బ్రేకూ రెండూ చూసుకోవాలని వాళ్ళ లెక్క. బండి పైకి పాతదే, అదే రంగు, అదే రూపు. ఆగే శక్తి మాత్రం కొత్తది. చెక్కదిమ్మను పారేయకుండా దాని మీద తోలు కొట్టించినప్పుడు బెర్తా చేసిందీ అదే కదా!

ఇక ఆ దంపతుల సంగతి. 1890లో చివరి కూతురు ఎలెన్ పుట్టింది. కంపెనీలో మిగతావాళ్ళతో అభిప్రాయభేదాలు వచ్చి 1903లో కార్ల్ రోజువారీ పనుల నుంచి తప్పుకున్నాడు. లాడెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడి 1906లో కొడుకులతో మరో కంపెనీ పెట్టాడు. 1926లో బెంజ్ కంపెనీ, డైమ్లర్ కంపెనీ కలిసిపోయాయి. 1929 ఏప్రిల్ 4న కార్ల్ కన్నుమూశాడు. బెర్తా ఆ తర్వాత ఇంకా పదిహేనేళ్ళు బతికింది. పొగలు కక్కుతూ కొండలెక్కలేక ఏడ్చిన బండి కాస్తా దేశాలు చుట్టే వాహనమవడం కళ్ళారా చూసింది.

1944 మే 3, ఆమె తొంభై అయిదో పుట్టినరోజు. బయట ప్రపంచయుద్ధం నడుస్తోంది. కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహె ఇంజనీరింగు విద్యాలయం ఆ రోజు ఆమెకు గౌరవ సెనేటరు పదవి ఇచ్చింది. ఆమె పడుచుతనంలో ఆడపిల్లలకు సీటివ్వని విద్యాలయమే అది. ఆ గౌరవం అందుకున్న రెండు రోజులకే, మే 5న ఆమె వెళ్ళిపోయింది. 2008లో ఆమె వెళ్ళొచ్చిన దారికి బెర్తా బెంజ్ స్మారక మార్గమని పేరు పెట్టారు. రానూపోనూ 194 కిలోమీటర్లు. అమెరికాలో మోటారు వాహనాల మహామహుల జాబితాలోకి కార్ల్ 1984లో ఎక్కితే, బెర్తా 2016లో ఎక్కింది. మధ్యలో ముప్ఫై రెండేళ్ళు! ఆడవాళ్ళ లెక్కలు ఎప్పుడూ ఆలస్యంగానే తేలతాయి మరి.

ఈ మాటలన్నీ ఎందుకు చెప్పానంటే, ఆమె తెగువ గురించి అందరూ రాస్తారు. తెగించి బయల్దేరడం గొప్పే, కాదనను. కానీ తెగించిన మనిషే, పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని, ఇది ఆగకపోతే ఎలా అని ఆలోచించి చెప్పులు కుట్టే అతని ముంగిట బండి ఆపింది చూశారా, అది నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. ఇంటి బడ్జెట్టు దగ్గర్నుంచి పిల్లల పెంపకం దాకా మనం రోజూ చేసే పని అదే. ఎవరూ లెక్కలో వేయరు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కితే బస్సు మెల్లగా, భద్రంగా నిలబడుతుందే, అప్పుడైనా ఒక్కసారి బెర్తాను తలచుకోండి.